డీజే మోత కిటికీ మూస్తే ఆగదు

సంపాదకులకు,

వినాయక చవితి దగ్గర పడిందంటే చాలు, డీజేల మీద పాత వాదన మళ్లీ మొదలవుతుంది. మొత్తం నిషేధించాలని కొందరు, పండగ పూట ఆ మాత్రం సందడి లేకపోతే ఎలా అని కొందరు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాక ఈ వాదన ఇంకాస్త ముదిరింది. రెండు పక్షాలూ మాట్లాడేది ‘సౌండ్ ఎక్కువా తక్కువా’ అన్నదాని గురించే. అసలు మంచాల మీంచి జనాన్ని లేపి కూర్చోబెడుతున్నది బేస్. అంటే సెకనుకు సుమారు 40 నుంచి 100 కంపనాలు (హెర్ట్జ్) ఉండే లోతు శబ్దం. మిగతా శబ్దానికీ దీనికీ నడక వేరు, కొలత వేరు, కట్టడి వేరు.

ముందు నడక సంగతి. 30 డిగ్రీల వేడిలో గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. దీన్ని పౌనఃపున్యంతో, అంటే ఆ హెర్ట్జ్ అంకెతో భాగిస్తే తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల పొడవు వస్తుంది. 3,500 హెర్ట్జ్ శబ్దానికి అది 10 సెంటీమీటర్లు. 50 హెర్ట్జ్ బేస్‌కు ఏకంగా 7 మీటర్లు. మీటరున్నర ప్రహరీ గోడ 10 సెంటీమీటర్ల అలను చాలావరకు ఆపేస్తుంది. 7 మీటర్ల అలకు ఆ గోడ ఒక లెక్క కాదు, దాన్ని చుట్టేసి ఇవతలికి వచ్చేస్తుంది. ఊరేగింపు వీధి మలుపు తిరగ్గానే పాటలో మాటలు వినపడకుండా పోయి దబ్ దబ్ ఒక్కటే మిగిలేది ఇందుకే. ఇంటి గోడలదీ అదే తంతు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మాటల శబ్దాన్ని 45, 50 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది గానీ, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ ఆ అడ్డు ఐదారు డెసిబెల్స్ చొప్పున తరిగిపోతుంది. కిటికీ మూస్తే ఎక్కువ పౌనఃపున్యపు శబ్దాలు పోతాయి, బేస్ మాత్రం ఇంకా కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది.

గదిలోకి వచ్చాక జరిగేది మరీ అన్యాయం. మన ఇళ్లలో పడకగది చాలావరకు పది బై పన్నెండు. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉన్న శబ్దం ఆ గదిలో అనునాదం చెందుతుంది, అంటే గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని బలపడుతుంది. పన్నెండు అడుగులంటే 3.66 మీటర్లు, కాబట్టి 349ని 7.32తో భాగిస్తే సుమారు 48 హెర్ట్జ్. పది అడుగుల వైపు లెక్క వేస్తే 57 హెర్ట్జ్. డీజే పాటల్లో కిక్ డ్రమ్ గుద్దు పడేది సరిగ్గా ఈ మధ్యలోనే. వీధిలో కన్నా గదిలో ఎక్కువగా అదురుతోందని ముసలివాళ్లు అంటే చాదస్తమని కొట్టిపారేయకండి. ఈ పౌనఃపున్యాల దగ్గర ఒత్తిడి గోడల పక్కన, మూలల్లో అత్యధికంగా, గది నడిమధ్యలో అత్యల్పంగా ఉంటుంది. మనం మంచం తలవైపు గోడకు ఆనించే వేస్తాం. ఆ తొమ్మిది రోజులూ పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్లు పడుకునే మంచాన్ని గది మధ్యకు జరిపితే పైసా ఖర్చు లేకుండా కొంత ఉపశమనం దొరుకుతుంది. బీరువా తలుపుకీ చట్రానికీ మధ్య మడత పెట్టిన గుడ్డ దోపితే గడగడ ఆగుతుంది.

ఇక కొలత. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కన్నా 10 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు, లేదా 75 దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అది వర్తిస్తుంది. అంటే నివాస ప్రాంతంలో పగలు 65. ఈ అంకెలన్నీ ‘ఎ’ వెయిటింగ్‌లో చెప్పినవి. మెల్లని శబ్దాలను మనిషి చెవి వినే తీరును అనుకరిస్తూ మీటరు లోతు శబ్దాలను తగ్గించి చూపే పద్ధతి అది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెల్స్. సరిహద్దు దగ్గర 50 హెర్ట్జ్ బేస్ ఒక్కటే 95 డెసిబెల్స్ ఉన్నా మీటరు మీద 65 అనే పడుతుంది. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు! కిటికీ అద్దాలు మాత్రం కొట్టుకుంటూనే ఉంటాయి. ఫిర్యాదు చేసినవాళ్లకీ, మీటరు పట్టుకుని వచ్చిన అధికారికీ మాట కుదరకపోవడానికి తరచూ ఇదే కారణం.

దీనికి విరుగుడు ఆ మీటరులోనే ఉంది. ఇలాంటి మీటర్లలో చాలావాటికి ‘సి’ వెయిటింగ్ మీట కూడా ఉంటుంది. ‘సి’లో 50 హెర్ట్జ్‌కు తగ్గేది ఒక్క డెసిబెల్ పైచిలుకే. ఒకేచోట ఐదేసి నిమిషాల సగటు ‘ఎ’లో ఒకసారి, ‘సి’లో ఒకసారి తీసుకుని, రెండింటి మధ్య తేడా 15 నుంచి 20 డెసిబెల్స్ దాటితే అక్కడ సమస్య బేస్ అని తేల్చేయవచ్చు. మీటరు నేల నుంచి 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. గోడ పక్కన నిలబడి కొలిస్తే రీడింగ్ ఎక్కువ వస్తుంది, మూడు నాలుగు మీటర్లు ఎడంగా జరగాలి. కొలిచే ముందు 94 డెసిబెల్స్ క్యాలిబ్రేటర్‌తో సరిచూసుకోవాలి. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచి పోలీసులకు పంపేవాళ్లకు ఒక మాట: ఫోన్ మైకులు మాటల కోసం తయారైనవి. చాలా ఫోన్లలో లోతు శబ్దాలను లోపలే కోసేస్తారు, పెద్ద శబ్దాన్ని అణిచేస్తారు. మీకు అన్యాయం చేసే సాక్ష్యాన్ని మీరే పంపుతున్నారన్నమాట.

మండపం నిర్వాహకులకు, సౌండ్ సిస్టమ్ వాళ్లకు చెప్పాల్సింది ఇంకా ఉంది. బేస్ బాక్సులను ఇళ్లవైపు కాకుండా రోడ్డువైపు తిప్పామని చాలామంది అంటారు. 60 హెర్ట్జ్ అల పొడవు 5.8 మీటర్లు, బాక్సులో ఉన్న స్పీకర్ 18 అంగుళాలు. ఆ శబ్దానికి ముందూ వెనకా లేదు, అన్నివైపులకూ సమానంగానే పోతుంది. వెనక్కి తగ్గాలంటే రెండు బాక్సులతో చేయాలి. ఒకదాని వెనక ఒకటి 1.45 మీటర్ల దూరంలో పెట్టి, వెనక బాక్సుకు పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి, 4.2 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి. వెనకవైపు రెండింటి శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముందువైపు 60 హెర్ట్జ్ దగ్గర కలిసి బలపడతాయి. ఈ సెట్టింగులు డిజిటల్ ప్రాసెసర్లలో ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ. వెనక దగ్గర్లోనే గోడ ఉంటే మాత్రం ఈ ఏర్పాటు సరిగా పనిచేయదు. ఆ మాటకొస్తే బేస్ బాక్సును గోడకో, మూలకో ఆనించి పెట్టడమే తప్పు. అక్కడ మోత ఇంకా పెరుగుతుంది.

ఇందుకు పూర్తిగా ఎదురు తప్పు కూడా జరుగుతూ ఉంటుంది. రీకోనింగ్ (పాడైన కోన్ మార్చే మరమ్మతు) చేయించి తెచ్చిన స్పీకర్‌కు ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే, పక్కపక్కన పెట్టిన రెండు బాక్సుల బేస్ ఎదుటే కొట్టేసుకుంటుంది. బేస్ చాలట్లేదని ఆపరేటర్ యాంప్లిఫయర్ పెంచుతాడు, కాయిల్ కాలుతుంది, లేదా ఇంకో రెండు బాక్సులు దిగుతాయి. యాంప్లిఫయర్ వైరు తీసేసి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. కోన్ ముందుకు రావాలి. వెనక్కి పోతే వైర్లు తిరగబడ్డట్టే.

పూజ, మంత్రం, ఉపన్యాసం వినిపించడానికి అసలు బేస్ బాక్సు అక్కర్లేదు. మాట స్పష్టత ఎక్కువగా 500 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. మిక్సర్ మీద ప్రతి మైకుకూ ఉండే ‘లో కట్’ మీట నొక్కితే 80, 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పోతుంది. మాట ఏమాత్రం చెడదు, గాలి ఊదిన చప్పుడూ తగ్గుతుంది. వేదిక దగ్గర ఒక్కచోటే బాక్సులు పేర్చి చివరి వరుసదాకా నెట్టాలని చూడటం మరో పొరపాటు. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. 32 మీటర్ల దూరంలో 75 వినిపించాలంటే రెండు మీటర్ల దగ్గర కూర్చున్న పిల్లల చెవిలో 99 మోగుతుంది. ఇంచుమించు ఆ స్థాయిలో రోజుకు పావుగంట మించి వినడం చెవికి ప్రమాదమన్నది వృత్తి ఆరోగ్య ప్రమాణం. దానికి బదులు పది మీటర్లకొకటి చొప్పున చిన్న స్పీకర్లు తల ఎత్తుకు పైన కట్టి, జనం మీదికి కిందికి వంచండి. 1 మీటరు దగ్గర 95 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌కు ఒక్క వాటు చాలు, 8 మీటర్ల దూరంలో 77 వస్తుంది. వెనక స్పీకర్లకు వేదిక నుంచి మీటరుకు 3 మిల్లీసెకన్ల చొప్పున డిలే పెట్టడం మర్చిపోవద్దు. 20 మీటర్ల వెనక ఉన్న స్పీకర్‌కు డిలే లేకపోతే, అక్కడివాళ్లకు వేదిక శబ్దం 57 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరి, ప్రతి మాటా రెండుసార్లు పలికినట్టు కలగాపులగమవుతుంది. అర్థం కావట్లేదని వాల్యూమ్ పెంచితే రెండో మాట కూడా అంతే పెరుగుతుంది.

రాత్రి పూట ఇంకో చిక్కు. పొద్దుగూకాక నేల త్వరగా చల్లబడి పైన గాలి వెచ్చగా ఉండిపోతే, పైకి పోయే శబ్దం కిందికి వంగి చాలా దూరం పాకుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున పక్క ఊరి గుడి మైకులో తిరుప్పావై స్పష్టంగా వినపడేది ఇందువల్లే. సాయంత్రం ఐదింటికి సరిచూసి పెట్టిన వాల్యూమ్ రాత్రి తొమ్మిదిన్నరకు అదే మీట మీద ఉన్నా దూరపు కాలనీకి ఎక్కువగా చేరుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు ఎటూ వాడకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వగలవు. సడలించిన ఆ రెండు గంటలూ శబ్దం ఇలా చాలా దూరం పోగల గంటలే. కనీసం ఆ సమయంలో బేస్ బాక్సులు కట్టేసి, టాపులతో (బేస్ కాని మిగతా శబ్దం ఇచ్చే బాక్సులతో) సరిపెట్టాలన్న షరతు పెట్టొచ్చు.

మండపాలకు అనుమతిచ్చే దరఖాస్తులో మూడు గడులు చేర్చాలని పోలీసు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులను కోరుతున్నాను. బేస్ బాక్సులు ఎన్ని, అవి దగ్గరి ఇంటి గోడకు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయి, సరిహద్దు దగ్గర ‘ఎ’, ‘సి’ రీడింగులు ఎంతెంత. మొదటి రెండింటికీ టేపు ఒక్కటి ఉంటే చాలు.

భవదీయుడు,
భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ