ర్యామ్ బిల్లు మీద రకం రాసి ఇవ్వాలి

సంపాదకులు గారికి,

కాలేజీలో చేరే పిల్లలకి కొత్తది కొనే బదులు ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌కే ర్యామ్ పెంచి ఇద్దామని విశాఖలోని ద్వారకానగర్, డాబాగార్డెన్స్ షాపులకు వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. మంచి ఆలోచనే. కానీ ‘ఎయిట్ జీబీ ర్యామ్ ఇవ్వండి’ అంటే సరిపోదు. బిల్లు మీద కూడా ‘8 జీబీ ర్యామ్ - 1’ అని మాత్రమే ఉంటే, రేపు పని చేయకపోతే మార్చమని అడగడానికి చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

పాత లాప్‌టాప్‌లలో ఉండే ర్యామ్ రకాలు డీడీఆర్3, డీడీఆర్4. వీటి తేడా కంటికే తెలుస్తుంది. మొదటిదానికి 204 పిన్నులు, రెండోదానికి 260. గాట్లు వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. అసలు తంటా డీడీఆర్3లోనే. అందులో 1.5 వోల్టులది ఒకటి, డీడీఆర్3ఎల్ అనే 1.35 వోల్టులది ఒకటి. గాటు అదే, పిన్నులు అవే, రెండూ చక్కగా దిగుతాయి. 2013లో వచ్చిన ఇంటెల్ ఫోర్త్ జెనరేషన్ లాప్‌టాప్‌లకు 1.35 వోల్టులదే కావాలి. వాటిలో 1.5 వోల్టులది పెడితే సాధారణంగా ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం వెలగదు. స్టిక్కర్ మీద పీసీ3-12800ఎస్ అని ఉందో, పీసీ3ఎల్-12800ఎస్ అని ఉందో చూసుకోండి. తేడా ఆ ఒక్క ‘ఎల్’ దగ్గరే. అనుమానం ఉంటే ఎల్ రకమే తీసుకోవడం మేలు, అది 1.5 వోల్టుల దగ్గర కూడా నడుస్తుంది.

షాపుకు వెళ్లేముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూస్తే స్పీడు, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తాయి. ఫారమ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నట్టు. అదనపు స్లాట్ ఉందో లేదో మోడల్ నంబరుతో కంపెనీ మాన్యువల్‌లో చూసుకోవాలి. 32 బిట్ విండోస్ ఉన్నవాళ్లు 8 జీబీ పెట్టినా లాభం లేదు, అది 4 జీబీ దాటి వాడుకోదు. అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ సగం ఖాళీగా ఉండి, డిస్క్ నూటికి నూరు చూపిస్తోందా? అప్పుడు ర్యామ్ డబ్బులు ఎస్ఎస్‌డీకి, అంటే హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్‌కి పెట్టండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఈ లెక్క ముందే చూసుకోవాలి. ర్యామ్ పెంచితే విండోస్ 11 వస్తుందని కొందరు చెబుతారు, నమ్మకండి. డీడీఆర్3 కాలం ప్రాసెసర్లు దాని అధికారిక జాబితాలో లేవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అలాంటి లాప్‌టాప్‌లకు విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడమే నయం.

బిగించేటప్పుడు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేయాలి. చార్జర్, బ్యాటరీ తీసేసి పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి ఉంచాలి. స్క్రూలు ఏ రంధ్రానివి ఆ వరసలోనే పెట్టుకోండి, పొడుగుది పొట్టి రంధ్రంలో బిగిస్తే లాప్‌టాప్ పై కవరు పగలవచ్చు. ర్యామ్‌ను ముప్పై డిగ్రీల వాలులో లోపలికంటా తోసి, ఆ తర్వాతే కిందికి నొక్కాలి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. కొత్త ర్యామ్ ‘పోయింది’ అని వెనక్కి తెచ్చేవాటిలో చాలావరకు సగమే దిగినవే. విశాఖ ఉప్పుగాలికి పాత స్లాట్ల కాంటాక్టులు మసకబారతాయి. రబ్బరుతో రుద్దితే పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పీచు రాని గుడ్డ తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ రావడానికి కాస్త ఆలస్యం కావచ్చు, కంగారుపడి ఆపేయొద్దు. అసలే రాకపోతే ఒక్కో ర్యామ్‌ను ఒక్కో స్లాట్‌లో పెట్టి చూస్తే తప్పు స్లాట్‌దో ర్యామ్‌దో తేలిపోతుంది. వచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి.

వ్యాపారులను కోరేది ఒక్కటే. బిల్లులో వివరం రాసే గడిలో డీడీఆర్ రకం, వోల్టేజీ, స్పీడు, సీరియల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో రాసివ్వండి. అడిగితే రాసిచ్చే షాపులు మన ఊళ్లో ఉన్నాయి. అడగకుండానే రాయాలి.

- లాప్‌టాప్ మెకానిక్, గాజువాక, విశాఖపట్నం