బీడును సాగు చేసింది ఒక్కడేనా?

సంపాదకులకు నమస్కారం.

డెన్మార్క్ చిత్రం 'ద ప్రామిస్డ్ ల్యాండ్' మీద మీ ఆదివారం పేజీలో సమీక్ష వచ్చి రెండు వారాలు దాటింది. ఆలస్యమైనా రాయకుండా ఉండలేకపోతున్నాను. ఒంటరి వీరుడు బీడును జయించిన కథ అని తేల్చేశారు. అసలు సినిమా చివరిదాకా చూసి రాశారా?

1755లో జుట్లాండ్ బీడుకు వెళ్లిన కెప్టెన్ కాలెన్ మొండిపట్టు గొప్పదే, మ్యాడ్స్ మికెల్సన్ నటన ఇంకా గొప్పది. కానీ ఆ మట్టిలో అతనితో సమానంగా చెమటోడ్చింది ఎవరు? జమీందారు దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఆన్ బార్బరా, ఆమె భర్త. ఆ భర్తను జమీందారు అతిథుల ముందే సలసల కాగే నీళ్లు పోయించి చంపిస్తాడు. మీ సమీక్షలో ఆమె పేరైనా లేదు! కాలెన్ దగ్గర ఆశ్రయం పొందిన, ఒళ్లు నల్లగా ఉన్న పిల్ల అరిష్టమని, పంపించేయమని జర్మనీ నుంచి వచ్చిన వలస రైతులు పట్టుబడితే కాలెన్ తలొగ్గుతాడు. దర్శకుడు నికొలాయ్ ఆర్సెల్ ఇవన్నీ పెట్టింది హీరోకి దండ వేయడానికా?

నా బాధకు కారణం ఉంది. మేం కర్ణాటకలో తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపువాళ్లం, అంటే ఆంధ్ర నుంచి వలసొచ్చి ఊళ్లు కట్టుకున్న రైతులం. 1953లో డ్యాం వచ్చాక మా పెద్దలు కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని ఇక్కడికొచ్చి, జొన్న పండే నల్లరేగడిని చదును చేసి వరి మడులు కట్టారు. పేరు మాత్రం ఆసామిది. నాట్లేసిన ఆడవాళ్లు, తమ పొలం మాకు అమ్మి అందులోనే కూలికి దిగిన కన్నడ రైతులు ఎవరికీ గుర్తు లేరు. మన సినిమాల్లో హీరో ఒక పాటలో నాగలి పడితే వ్యవసాయం అయిపోతుంది.

ప్రభుత్వాలూ అంతే. 132 టీఎంసీల డ్యాం పూడికతో 105కు పడిపోయింది. కాలువ చివరి పొలాలకు నీళ్లు రావని ఏటా మొత్తుకుంటున్నా వినే అధికారి లేడు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మాత్రం అందరూ పరుగెత్తుకొచ్చారు.

తొలితరంలో ఇంకా కొందరు బతికే ఉన్నారు. మీ విలేకరిని ఒకసారి మా క్యాంపులకు పంపండి. ఆసాములతోనే కాదు, కూలీలతోనూ మాట్లాడించి రాయించండి.

— ఒక పాఠకుడు, సింధనూరు తాలూకా