చిన్నీ, గాంధీగారికి ఎందుకు రాలేదంటే...

చిన్నీ,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఓస్లో సిటీ హాల్ చూపించావు. ఎర్ర ఇటుకల జంట టవర్లు, పక్కనే సముద్రం. “శాంతి నోబెల్ ఇచ్చేది ఇక్కడే నాన్నా” అన్నావు. అంతలోనే, “గాంధీగారికే ఇవ్వనివాళ్లు ఇంకెవరికిస్తే ఏంటి, అదంతా రాజకీయం” అని కొట్టిపారేశావు. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ ఫోన్ తీసుకుని, నువ్వు ఏం తింటున్నావో అడగడం మొదలుపెట్టింది. నేను చెప్పాలనుకున్నది అలాగే ఉండిపోయింది. అప్పటినుంచీ అదే మనసులో తిరుగుతోంది.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. 28 ఏళ్లు పిల్లలకు సోషల్ చెప్పాను కదా. ఒకసారి తొమ్మిదో తరగతిలో, ముందు బెంచీలో కూర్చునే పిల్ల లేచి ఇదే అడిగింది. “మాస్టారూ, గాంధీగారికి నోబెల్ ఎందుకివ్వలేదండీ?” నేను క్షణం కూడా ఆలోచించలేదు. “బ్రిటిష్‌వాళ్లకు కోపం వస్తుందని భయపడ్డారమ్మా” అన్నాను. ఆ పిల్ల నోట్సులో రాసుకుంది. ఆ తర్వాత ఏటా అదే చెప్పాను. రిటైరయ్యాక తీరిగ్గా చదివితే తెలిసింది, బహుమతి ఎవరికివ్వాలో తేల్చే నోబెల్ కమిటీ పాత కాగితాల్లో బ్రిటిష్‌వాళ్లంటే భయం అన్న ఊసే లేదని. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలియదు. నీకైనా సరిగ్గా చెప్పాలి.

గాంధీగారి పేరు ఆ కమిటీకి 1937, 38, 39లలో వరసగా వెళ్లింది. మళ్లీ 1947లో, 1948లో వెళ్లింది. మొదటిసారి ప్రతిపాదించింది మనవాళ్లు కాదు, కోల్బ్యోర్న్‌సెన్ అనే నార్వే ఎంపీ. కమిటీకి సలహాదారుగా ఉన్న వోర్మ్ ముల్లర్ అనే ప్రొఫెసర్ దాని మీద ఒక నివేదిక రాశాడు. గాంధీగారిని మెచ్చుకుంటూనే, ఈయన ఒకసారి క్రీస్తులా కనిపిస్తాడు, అంతలోనే మామూలు రాజకీయ నాయకుడైపోతాడు అన్నాడు. దక్షిణాఫ్రికాలో పోరాడింది భారతీయుల కోసమే కదా, అంతకంటే హీనంగా బతుకుతున్న అక్కడి నల్లవాళ్ల మాటేమిటి అనీ అడిగాడు. చదువుతుంటే నాకు గుచ్చుకుంది. కానీ ఆ రెండో ప్రశ్న తోసిపారేయదగ్గది కాదు చిన్నీ. ఇవాళ మనవాళ్లూ అడుగుతున్నారు.

1947లో దేశం రెండు ముక్కలై పంజాబ్ తగలబడుతోంది. సెప్టెంబర్ చివర్లో ఒక ప్రార్థన సభలో గాంధీగారు మాట్లాడింది విదేశీ పేపర్లలో వచ్చింది. న్యాయం దక్కడానికి వేరే దారి లేకపోతే, పాకిస్తాన్ తన తప్పు ఒప్పుకోకపోతే, భారత్ యుద్ధానికి దిగాల్సి వస్తుంది అన్నారని. ఆ సభలోనే ఆయన ఇంకో మాట కూడా అన్నారు. సైన్యం, నౌకాదళం, విమానాలు కావాలనే ఈ కొత్త వ్యవస్థలో తనకు చోటు లేదని. ఆ మాట వార్తలో రాలేదు. రాసింది నిజమేగానీ పూర్తిగా రాయలేదని గాంధీగారే చెప్పారు. కమిటీలో ఐదుగురు. అప్పటికే కొందరికి అనుమానాలున్నాయి, ఆ వార్తతో ఇంకా పెరిగాయి. ఆ ఏడాది బహుమతి, యుద్ధమే వద్దనే క్రైస్తవ శాఖ క్వేకర్ల సంస్థలకు వెళ్లింది.

మరుసటి ఏడాది ప్రతిపాదనల గడువు ఇంకా రెండు రోజులుందనగా, జనవరి 30న, ఆయన్ని కాల్చేశారు. ఈసారి ఇద్దామనే ఆలోచన కమిటీలో గట్టిగానే ఉంది. అయితే చనిపోయిన మనిషికి ఎలా ఇవ్వాలి? ఆయనకు సంస్థ లేదు, ఆస్తి లేదు, వీలునామా లేదు. డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి? ఈ చర్చ నెలల తరబడి సాగింది. చివరికి నవంబర్‌లో, బతికున్నవాళ్లలో తగినవారెవరూ లేరని చెప్పి, 1948లో ఎవరికీ ఇవ్వలేదు. ఏమీ మిగుల్చుకోకుండా బతికిన మనిషికి, ఏమీ మిగల్చలేదు కాబట్టి ఇవ్వలేకపోయారన్నమాట. ఈ ముక్క దగ్గర నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అదే 1961లో, విమాన ప్రమాదంలో పోయిన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్‌కు మరణానంతరమే ఇచ్చారు. అప్పట్లో రూల్సు ఒప్పుకునేవి. మనసుంటే దారి ఉండేది. 1960 దాకా ఆ బహుమతి దాదాపుగా యూరప్, అమెరికాల వాళ్లకే వెళ్లింది. వాళ్ల చూపు అంతవరకే ఆనిందని నాకనిపిస్తుంది. 1989లో దలైలామాకు ఇస్తూ, ఇది కొంతవరకు గాంధీ స్మృతికి నివాళి అన్నారు. అంతే.

ఇక నువ్వు రాజకీయం అన్నావు చూడు, అది నిజమే. మొదటినుంచీ అంతే. 1895లో పారిస్‌లో నోబెల్ తన వీలునామా రాసినప్పుడు మిగతా బహుమతులన్నీ స్వీడన్ సంస్థలకు అప్పగించి, ఈ ఒక్కదాన్ని మాత్రం నార్వే పార్లమెంటు ఎన్నుకునే ఐదుగురి చేతిలో పెట్టాడు. పార్లమెంటు ఎన్నుకున్నాక రాజకీయం రాకుండా ఎలా ఉంటుంది? దేశాల మధ్య సోదరభావం పెంచినవాళ్లకు, సైన్యాలు తగ్గించడానికి పాటుపడినవాళ్లకు ఇమ్మన్నాడు. డైనమైట్ మీద సంపాదించిన డబ్బుతో ఆ మాట రాశాడు.

అందుకే నేను ఎవరికిచ్చారు అని కాదు, ఇచ్చినప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడు అని చూస్తాను. 1973లో వియత్నాం యుద్ధం ఆపే ఒప్పందానికి అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్‌కు, ఉత్తర వియత్నాం తరఫున చర్చలు జరిపిన లె డుక్ థోకు కలిపి ఇచ్చారు. మా దేశంలో ఇంకా శాంతి రాలేదని లె డుక్ థో వద్దన్నాడు. కమిటీలో ఇద్దరు రాజీనామా చేశారు. కిసింజర్ ఓస్లోకే రాలేదు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక బహుమతి తిరిగిచ్చేస్తానన్నాడు, తీసుకోలేదు. 50 ఏళ్లు నిండాక ఆ కాగితాలు తెరిచారు. యుద్ధం ఇప్పట్లో ఆగదని తెలిసే ఇచ్చారని తేలింది. ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్‌కు 2019లో ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆయన దేశంలోనే, టిగ్రే ప్రాంతంలో యుద్ధం. కుర్చీలో ఉన్నవాళ్లకు ముందే శాలువా కప్పితే ఇలాగే అవుతుంది.

ఇప్పుడు ఒసియెట్‌స్కీ సంగతి విను. నువ్వు ఈ పేరు విని ఉండవు. జర్మన్ పత్రికా సంపాదకుడు. ఒప్పందాలను మీరి జర్మనీ రహస్యంగా వైమానిక దళం తయారు చేస్తోందని బయటపెట్టినందుకు జైలుకెళ్లాడు. హిట్లర్ వచ్చాక మళ్లీ పట్టుకుని నిర్బంధ క్యాంపులో పడేశారు. 1935లో రెడ్‌క్రాస్ మనిషి ఒకాయన ఆ క్యాంపుకు వెళ్లి చూశాడు. వణికిపోతున్న, పాలిపోయిన ఒక ఆకారం. ఒక కన్ను వాచిపోయింది, పళ్లు రాలిపోయాయి, సరిగ్గా అతకని కాలు ఈడ్చుకుంటున్నాడు. 1936లో ఆయనకు బహుమతి ప్రకటించారు. వద్దని చెప్పమని హిట్లర్ మంత్రి గోరింగ్ ఒత్తిడి చేశాడు. ఆ స్థితిలో కూడా ఒసియెట్‌స్కీ తీసుకుంటానన్నాడు. ఓస్లోకు మాత్రం వెళ్లనివ్వలేదు. జర్మన్లెవరూ ఇకమీద నోబెల్ తీసుకోకూడదని హిట్లర్ ఆజ్ఞ వేశాడు. 1938లో ఒసియెట్‌స్కీ కాపలా మధ్యే చనిపోయాడు. దగ్గర్లోనే ఉన్న చిన్న దేశం నార్వే, హిట్లర్ కోపం తెలిసీ ఆ పేరు పలికింది. ఇదీ రాజకీయమే కదమ్మా.

ఈ లెక్క కూడా అన్నిసార్లూ కుదరదు, దాచను. 1991లో మయన్మార్ ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ గృహనిర్బంధంలో ఉంటే ఆమె కొడుకులు వెళ్లి తీసుకున్నారు. ఆ ఫొటో పేపర్లోంచి కత్తిరించి స్టాఫ్ రూమ్‌లో అంటించాను. 2017లో మయన్మార్ సైన్యం దాడులకు అక్కడి ముస్లింలైన రోహింగ్యాలు 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019లో ఆవిడే హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టులో నిలబడి తన సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. బహుమతి వెనక్కి తీసుకోవాలని చాలామంది అడిగారు. అలాంటి రూలు లేదు. నన్నడిగితే లేకపోవడమే మంచిది. 1991లో ఆవిడ చేసింది చేసిందే. 2021లో ఆవిణ్ణి ఆ సైన్యమే మళ్లీ నిర్బంధించింది.

2010లో ప్రజాస్వామ్యం అడిగిన రచయిత లియూ షియాబో చైనా జైల్లో ఉంటే, మెడల్, డిప్లొమా ఖాళీ కుర్చీలో పెట్టారు. అదీ నువ్వు చూపించిన ఆ హాల్లోనే. 2023లో ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడి ఇరాన్ జైల్లో ఉన్న నర్గిస్ మొహమ్మదీ తరఫున ఆమె కవలలు, అలీ, కియానా వచ్చారు. ఇద్దరికీ 17 ఏళ్లు. అమ్మను చూసి అప్పటికి 8 ఏళ్లు దాటింది. అమ్మ జైలు నుంచి పంపిన మాటలు వాళ్లే చదివారు. నేను టీవీలో చూస్తూ కూర్చున్నాను. నువ్వప్పుడు ఇంట్లోనే ఉన్నావు, పక్క గదిలో పరీక్షకు చదువుకుంటున్నావు. లేచి వచ్చి ఊరికే ఒకసారి నిన్ను చూసి వెళ్లాను. ఎందుకొచ్చావని అడిగావు, నీళ్లు కావాలేమోనని అన్నాను.

బహుమతి ఇచ్చే రోజు, డిసెంబర్ 10 సాయంత్రం అక్కడ కాగడాల ఊరేగింపు ఉంటుంది. గ్రాండ్ హోటల్ దాకా వస్తుంది, బహుమతి పొందినవాళ్లు బాల్కనీలోకి వచ్చి చేతులూపుతారు. క్లాసు లేకపోతే వెళ్లు. ఫొటోలు తర్వాత, ముందు పక్కన నడిచేవాళ్లతో మాట్లాడు, వాళ్లు ఎందుకొచ్చారో అడుగు. ఆ రాత్రి ఎంత ఆలస్యమైనా సరే నాకు ఫోన్ చెయ్యి, నేను మెలకువగానే ఉంటాను. మీ అమ్మ పంపిన మఫ్లర్ చెవుల మీదుగా కట్టుకో.

నాన్న