ఈ పొద్దే పోదాం, బిడ్డా

నల్లగొండ,
మంగళవారం, పొద్దున 5 గంటలు

బిడ్డా,

తలుపు కొట్టి నిన్ను లేపబుద్ధి కాలేదు. ఎదురుగా కూర్చుంటే నాకు ఏడుపే వస్తుంది, మాట రాదు. అందుకే రాస్తున్నాను.

హెచ్ఐవి అంటుకోకుండా వేసుకునే గోలీల సంగతి ఎత్తితే రాత్రి నువ్వు "వాడికి ఆ జబ్బుందని ఎవరు చెప్పారు?" అన్నావు. ఎవరూ చెప్పలేదు. వాణ్ని పట్టుకుని, రక్తం తీసి, రిపోర్టు వచ్చేదాకా ఆగితే మన గడువు దాటిపోతుంది. ఆదివారం రాత్రి వాడు నీ మీద అఘాయిత్యం చేసినప్పటి నుంచి 72 గంటల లోపు మొదటి గోలీ పడాలి. రేపు రాత్రి దాకా ఉంది కదా అనుకోకు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదట. నిన్న దొడ్లోకి పోయి హెచ్ఐవి సంగతులు చెప్పే సర్కారు నంబరు 1097కు ఫోన్ చేసి అడిగాను. నీ పేరు చెప్పలేదు. ఒక్కసారికే హెచ్ఐవి అంటుకోవడం తక్కువేనట. గాయమైతే మాత్రం ఆ భయం పెరుగుతుందట. నీకు గాయమైంది, నేను చూశాను.

గోలీలు 28 రోజులు వేసుకోవాలి, జీవితాంతం కాదు. కొందరికి వికారం, తలనొప్పి ఉంటాయి, నిద్ర సరిగ్గా పట్టదు. రక్తం తక్కువని నువ్వు వేసుకునే ఐరన్ గోలీ సంగతి డాక్టరమ్మకు చెప్పాలి. రెండూ ఒకేసారి మింగితే కొన్ని మందులు ఒంటికి పట్టవు. హాస్టల్లో ఎవరైనా అడిగితే ఇవి కూడా రక్తం గోలీలే అని చెప్పు. ఆ అబద్ధానికి నేనేమీ అనను. ముందు ఒకసారి రక్తపరీక్ష, ఆరు వారాలకు, మూడు నెలలకు మళ్లీ చేస్తారు. కడుపు రాకుండా గోలీ కూడా అక్కడే అడుగుదాం.

నిన్న ఆ క్లినిక్ వాళ్లు పోలీసు కాగితం తెస్తేనే చూస్తామన్నారు. నాకప్పుడు తెలియదు, తెలిస్తే అక్కడే కడిగేసేదాన్ని. ఇలాంటి అఘాయిత్యం జరిగినవాళ్లను సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ ఆస్పత్రి అయినా వెంటనే, పైసా తీసుకోకుండా చూడాలట. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలో 397వ సెక్షన్ అదేనట. నీకు దాచను, ఆస్పత్రి వాళ్లు పోలీసులకు కబురు చేస్తారు. వాళ్లకు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తర్వాత చూసుకుందాం. దానికీ గోలీకీ ముడిపెట్టకు.

నిన్న పొద్దున నువ్వు చెప్పగానే "ఎవరికీ తెలియొద్దు" అన్నది నేనే. ఆ మాటతో ఒక పూట పోగొట్టాను. ఆ పాపం నాది, నీది కాదు.

సాక్ష్యానికి ఉంటుందని నీ చున్నీ ఉతకలేదు. పాత పేపర్లో చుట్టి బీరువాలో పెట్టాను. నాయినకు ఇంకా చెప్పలేదు.

ఆరున్నరకు ఆటో వస్తుంది, పెద్దాస్పత్రికి అని మాత్రమే చెప్పాను. మందు వేసుకునేది నువ్వు, కాబట్టి బలవంతం చేయను. వస్తానంటే నాతో మాట్లాడాల్సిన పని కూడా లేదు, గడప దగ్గర నా చెప్పుల పక్కన నీ చెప్పులు తెచ్చి పెట్టు. నేను అరుగు మీదే కూర్చున్నాను.

అమ్మ