రాష్ట్రపతి వచ్చేదీ చలికాలమే, మేము వచ్చేదీ చలికాలమే

సంపాదకులకు నమస్కారం.

చలికాలపు హైదరాబాదు అందాలను వర్ణిస్తూ గత ఆదివారం మీరు పూర్తి పేజీ కథనం వేశారు. చదివినప్పుడు సంతోషమే కలిగింది గానీ, నాలుగు రోజులుగా ఆ పేజీలో లేని సంగతులే గుర్తుకు వస్తుండడంతో ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

సంక్రాంతికి పట్నవాసులంతా పల్లెలకు చేరితే, కనుమ వెళ్లగానే పట్నానికి బయలుదేరడం మా ఇంట్లో ముప్ఫై ఏళ్ల అలవాటు. ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో ఒక సాయంత్రం, ట్యాంక్‌బండ్ మీద మరొక సాయంత్రం, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పగలు, పాతబస్తీలో తెల్లవారుజామున పొగలు కక్కే నహారీ, కుల్చా. ఇవన్నీ కాలినడకన తిరిగితేనే దక్కే సుఖాలు. ఏప్రిల్, మే నెలల్లో ఆ నగరంలో నడుస్తామని ఎవరూ పట్టుబట్టరు. హాయిగా నడవగలిగిన ఈ రెండు నెలల్లోనైనా నడవనివ్వాలి కదా?

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శనగా మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు 46 రోజులు సాగుతుందని చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఆ చుట్టుపక్కల దారుల బాధ్యత మోసే అధికారులకు మాత్రం అది ఏటా ఆకాశం నుంచి ఊడిపడిన ఉపద్రవంలాగే తోస్తున్నట్లుంది. ఈసారి నుమాయిష్ చూసుకుని అబిడ్స్ దాకా నడుద్దామని బయలుదేరాము. కాలిబాట ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయి, బైకుల వరుస దాటాక మళ్లీ మొదలై, కేబుల్ కోసం తవ్విన గోతిలో ముగిసింది. మోకాళ్ల నొప్పితో బాధపడే నా భార్య నడిరోడ్డు మీద ఆటోల మధ్య నడవవలసి వచ్చింది. కాసేపు కూర్చుందామంటే బల్ల లేదు. మరుగుదొడ్డి కనిపించింది గానీ దానికి వేసిన తాళం తుప్పు పట్టి తలుపులో భాగమైపోయింది. అదే తలుపు మీద పరిశుభ్రత నినాదం మాత్రం కొత్త రంగుతో మెరుస్తున్నది. పక్కనే వేరుశనగలు వేయిస్తున్న బండి అతనిని అడిగితే, “నేనిక్కడికి వచ్చి నాలుగేళ్లయింది సార్, అది తెరవగా చూడలేదు” అన్నాడు. హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు 1992 నుంచి అంత ప్రశాంతంగా ఉండగలుగుతున్నాడంటే, ఆయన నడవనవసరం లేకపోవడం వల్లనేనని నా భార్య అభిప్రాయం.

చేతగాక ఇలా వదిలేశారని అనుకుందామంటే, బొల్లారం గుర్తుకు వస్తుంది. 1860లో కట్టిన అక్కడి రాష్ట్రపతి నిలయానికి దేశ ప్రథమ పౌరులు డిసెంబరులో శీతాకాల విడిదికి రావడం ఆనవాయితీ. ఆ రాకకు ముందు దారిలోని గుంతలు రాత్రికి రాత్రే పూడిపోవడం, డివైడర్లకు రంగులు పడడం మేము కళ్లారా చూసినదే. రాష్ట్రపతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పైగా 90 ఎకరాల ఆ ప్రాంగణాన్ని 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా ప్రజల సందర్శనకు తెరిచి ఉంచుతున్నందుకు మేము కృతజ్ఞులము. ఒక్క రాత్రిలో గోతులు పూడ్చగల యంత్రాంగం అదే నగరంలో ఉండి కూడా, అదే చలికాలంలో వచ్చే జిల్లాల జనానికి ఎందుకు అక్కరకు రావడం లేదన్నదే నా ప్రశ్న.

ఇంటికి చేరాక ఆ తాళం గురించి ఫోనులో ఫిర్యాదు నమోదు చేశాను. రెండో రోజుకే “మీ ఫిర్యాదు పరిష్కరించబడినది” అని సందేశం వచ్చింది. ఎవరు వెళ్లారో, ఏమి చేశారో ఒక్క ముక్క లేదు. పూర్వం అర్జీ పెట్టుకుంటే ఏళ్ల తరబడి కదలకపోయినా, కనీసం అది పరిష్కారమైందని బుకాయించేవారు కాదు. ఇప్పుడు పని కన్నా సందేశమే ముందు నడుస్తున్నది, దానికి కాలిబాట అవసరం లేదు గనుక.

వచ్చే కనుమ మరునాడు మేము మళ్లీ బయలుదేరుతాము. ఆ వేరుశనగల బండి పక్కన తాళం తీశారో లేదో మీ విలేకరులలో ఎవరైనా ఒకసారి చూసి రాగలిగితే, పూర్తి పేజీ అక్కరలేదు, ఒక్క వాక్యం వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు