మాల్దీవుల్లో గది కన్నా ముందు పడవ చూసుకో

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మాల్దీవుల రిసార్టుల ధరలు చూసి కళ్లు తేలేసి, ఇది మన తాహతుకు మించిన వ్యవహారమని ఆ ప్రయాణాన్నే మానుకోవాలనుకుంటున్నట్లు రాశావు. చెల్లెమ్మ మాత్రం ఇంకా ఆశ వదులుకోలేదని కూడా రాశావు గనుక, ఈసారి నేను ఆమె పక్షమే వహిస్తున్నాను. నువ్వు చూసిన ధరలు అబద్ధం కావు. నీటి మీద స్తంభాలు పాతి కట్టిన ఆ కుటీరాల్లో ఒక్క రాత్రి గడపడానికి అడిగే సొమ్ముతో ఒక చిన్న కుటుంబం నెల రోజులు నిశ్చింతగా బతకవచ్చు. అయితే నువ్వు చూసినది ఆ దేశంలో రిసార్టుల భాగం మాత్రమే. మాల్దీవుల ప్రజలు కాపురముండే దీవులు వేరే ఉన్నాయి. అక్కడ బడులున్నాయి, మసీదులున్నాయి, రేవు పక్కన వల అల్లిన కుర్చీల్లో కూర్చొని సాయంత్రమంతా కబుర్లాడుకునే పెద్దమనుషులున్నారు, ఆ వీధుల్లోనే మనం భరించగలిగిన గెస్ట్‌హౌస్‌లు కూడా ఉన్నాయి.

ఈ సంగతి చాలామందికి తెలియకపోవడానికి కారణం లేకపోలేదు. అక్కడ పర్యాటకం 1972లో మొదలైంది. జనం లేని ఒక్కో దీవిని ఒక్కో రిసార్టుకు అప్పగించి, అతిథులను విమానాశ్రయం నుంచి నేరుగా అక్కడికే తరలించే పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. దాదాపు 1,190 దీవులున్న ఆ దేశంలో ఊళ్లున్నవి 200 లోపే. వాటిలో విదేశీయులు బస చేయడానికి చాలా కాలం వీలు లేకపోయింది. 2009 ప్రాంతంలో ప్రభుత్వం ఆ విధానాన్ని మార్చిన తర్వాతే ఊళ్లలో గెస్ట్‌హౌస్‌లు పుట్టుకొచ్చాయి. రిసార్టుల ప్రచారం మాత్రం ఇప్పటికీ పాత వైభవంతోనే సాగుతున్నందున, వెతికిన వాడి కంటికి మొదట అవే కనిపిస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. గెస్ట్‌హౌస్ వెతికేటప్పుడు అందరూ గది ధరను బట్టి వరుస పెట్టుకొని అన్నింటికన్నా చౌకైన దానిని పట్టుకుంటారు. మాల్దీవుల్లో ఆ పద్ధతి పనికిరాదు. అక్కడ ఖర్చును నిర్ణయించేది గది కాదు, పడవ. విమానం దిగిన చోటు నుంచి నీ దీవికి ఎంత దూరం, ఏ పడవ, ఏ వేళకు అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తర్వాతే గది సంగతి ఆలోచించాలి. ఉదాహరణకు రాజధాని మాలేకు దక్షిణంగా సుమారు 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాఫుషికి స్పీడ్‌బోటులో మనిషికి ఒకవైపు 25 డాలర్ల చుట్టూ అవుతుంది. దక్షిణ అరి అటోల్‌లోని ధిగురాకు 60 డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. (అటోల్ అంటే పగడపు దీవుల వలయం.) బాబు సంగతి పక్కన పెట్టి మీ ఇద్దరికీ రానుపోను లెక్క వేస్తే మొదటిది 100, రెండవది 240 డాలర్లు. ఆ తేడా 140 డాలర్లను నాలుగు రాత్రులకు పంచితే రాత్రికి 35 డాలర్లు పడుతుంది. కాబట్టి ధిగురాలో గది పది డాలర్లు చౌకగా కనిపించినా, నాలుగు రాత్రుల బసకు అది చౌక కాదు. అదే ఎనిమిది రాత్రులుంటే పడవ భారం సగానికి దిగుతుంది, అప్పుడు దూరపు దీవి వైపు మొగ్గవచ్చు. తక్కువ రోజులకు దగ్గరి దీవి, ఎక్కువ రోజులకు దూరపు దీవి అన్నది నేను ఎవరికైనా మొదట చెప్పే మాట. నీటి మీద దిగే చిన్న విమానాల జోలికి మాత్రం పోకు. వాటికి రానుపోను మనిషికి వందల డాలర్లవుతుంది, పైగా అవి పగటి పూటే ఎగురుతాయి.

స్పీడ్‌బోటు కన్నా చౌకైనది ప్రభుత్వ ఫెర్రీ. మాఫుషికి రెండు మూడు డాలర్లలో తీసుకెళ్తుంది, గంటన్నర పడుతుంది. చవక కదా అని సంబరపడేలోపు దాని షరతులు కూడా విను. అది విమానాశ్రయం నుంచి బయలుదేరదు; ముందు మాలే నగరానికి చేరి, అక్కడి ఫెర్రీ రేవుకు సామానుతో వెళ్లాలి. సాధారణంగా రోజుకు ఒక్కసారే, మధ్యాహ్నం పూట బయలుదేరుతుంది. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజు ఫెర్రీ ఉండదు. దూరపు అటోళ్లకైతే వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. 2022 నుంచి ప్రభుత్వ రవాణా సంస్థ ఆర్‌టీఎల్ పేరుతో వేగంగా నడిచే పడవలను కూడా ప్రవేశపెట్టి క్రమంగా విస్తరిస్తోంది. నువ్వు ఎంచుకున్న దీవికి ఆ పడవ ఉందేమో తప్పక విచారించు, ఉంటే నీ అదృష్టమే. ఒంటరిగా, వీపున ఒక సంచితో తిరిగేవాడికి ఫెర్రీని మించినది లేదు. చిన్నపిల్లాడితో, రెండు పెట్టెలతో వచ్చే సంసారికి వెళ్లేటప్పుడు స్పీడ్‌బోటు, తిరుగు ప్రయాణంలో తీరిక ఉంటే ఫెర్రీ మంచిదని నా అభిప్రాయం.

విమానం దిగే వేళ ఎందుకు ముఖ్యమో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. టికెట్టు నాలుగైదు వేలు తక్కువని రాత్రి పొద్దుపోయాక దిగే విమానం ఎక్కితే, ఆ వేళకు మామూలు స్పీడ్‌బోట్లు ఆగిపోయి ఉంటాయి. ప్రత్యేకంగా ఒక పడవ మాట్లాడుకోవడం అనేది రిసార్టు బిల్లుతో పోటీ పడే ఖర్చు. అటువంటప్పుడు ఆ రాత్రికి హుల్హుమాలేలో ఆగడం ఒక్కటే మార్గం. సముద్రాన్ని పూడ్చి నిర్మించిన ఆ పట్టణం విమానాశ్రయానికి రోడ్డు మార్గంలోనే ఉంది కాబట్టి పడవ ఖర్చు లేదు. గదులు కూడా అందుబాటు ధరల్లోనే దొరుకుతాయి. కానీ అది బస చేసి మురిసిపోవలసిన చోటు కాదు, నిద్రపోయి తెల్లవారి రేవుకు పోవలసిన చోటు. ఒక రాత్రి గది అద్దె అదనంగా పడుతుందని గుర్తుంచుకొని విమానాల ధరలను పోల్చి చూడు.

పన్నుల సంగతి ముందే చెప్పకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటావు. గెస్ట్‌హౌస్ వారు 60 డాలర్ల గది అన్నారనుకో. కొందరు అన్నీ కలిపే చెబుతారు, కొందరు విడిగా చెబుతారు, ఆ చిన్న అక్షరాలు చదవవలసింది నువ్వే. విడిగా అయితే 10 శాతం సర్వీస్ చార్జి చేరి 66 అవుతుంది. దానిపై పర్యాటక జీఎస్టీ వేస్తారు. అది 2025 జూలై 1 నుంచి 17 శాతానికి పెరిగింది, కాబట్టి 77 దాటుతుంది. ఆపైన గ్రీన్ ట్యాక్స్ అని మనిషికి రాత్రికి ఇంత చొప్పున వసూలు చేస్తారు. ఊళ్లున్న దీవుల్లో 50 గదుల లోపు గెస్ట్‌హౌస్‌లకు అది 6 డాలర్లు, రిసార్టులకు 12 డాలర్లు. రెండేళ్ల లోపు పిల్లలకు మినహాయింపు ఉంది గానీ, మీ బాబుకు రెండు నిండాయి గదా, వాడు కూడా పన్ను చెల్లింపుదారే. మీ ముగ్గురికీ 18 డాలర్లు కలిపితే 60 డాలర్ల గది కాస్తా 95 డాలర్ల దగ్గర తేలుతుంది. అందువల్ల గది ధర అడగవద్దు. ముగ్గురికి, ఇన్ని రాత్రులకు, పన్నులతో, రానుపోను పడవతో మొత్తం ఎంత అని ఒకే ప్రశ్నగా వాట్సాప్‌లో అడుగు. చాలా గెస్ట్‌హౌస్‌లు పడవ టికెట్టు కూడా తామే ఏర్పాటు చేస్తాయి. విమానాశ్రయం బయట నీ పేరు రాసిన అట్ట పట్టుకొని ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

ఏ దీవి అన్న ప్రశ్నకు అందరూ మాఫుషి అంటారు. గెస్ట్‌హౌస్‌లు అక్కడే ఎక్కువ, పోటీ వల్ల ధరలు దిగి ఉంటాయి, డాల్ఫిన్లను చూపించే పడవలూ ఇసుక దిబ్బలకు తీసుకెళ్లే పడవలూ తేలికగా దొరుకుతాయి. కానీ ఎత్తయిన హోటళ్లతో అది బాగా కిక్కిరిసింది. ప్రశాంతత కోరి వెళ్లినవాడికి నిరాశ తప్పదు. దాని పక్కనే ఉన్న గుల్హి చాలా చిన్నది, నెమ్మదైనది, పడవ ఖర్చు దాదాపు అంతే. నన్ను అడిగితే మీ ముగ్గురికీ గుల్హి చాలు. కాస్త దూరం పోగలిగితే తొడ్డూ ఉంది. అది పుచ్చకాయలూ బొప్పాయిలూ పండించే వ్యవసాయ దీవి, తోటల మధ్య మట్టి దారుల్లో సైకిలు తొక్కుకుంటూ తిరగవచ్చు. పరిశుభ్రతకు పేరుపడిన ఉకులస్, తిమింగల సొరచేపల కోసం జనం వెళ్లే ధిగురా కూడా మంచివే, కానీ పైన చెప్పిన పడవ లెక్క మరచిపోకు. తులుస్‌ధూ అలల మీద సర్ఫింగ్ చేసేవారిది. ఈత పూర్తిగా రాని నీకు అక్కడ పనేమీ లేదు.

దీవి ఏదైనా సరే, బికినీ బీచ్ ఎలా ఉందో కనుక్కో. ఊళ్లున్న దీవుల్లో ఇస్లాం ఆచారం ప్రకారం మిగతా తీరమంతా ఒళ్లు కప్పుకొనే తిరగాలి. విదేశీయుల ఈతదుస్తుల కోసం విడిగా కేటాయించిన తీరాన్నే అలా పిలుస్తారు. కొన్ని దీవుల్లో అది విశాలంగా, తెల్లని ఇసుకతో ఉంటుంది. కొన్నింట్లో కంచె కట్టిన చిన్న ముక్క మాత్రమే. గది ఫొటోలు ఎంత అందంగా ఉన్నా ఈ ముక్క బాగాలేకపోతే ప్రయాణం వృథా కాబట్టి, గెస్ట్‌హౌస్ పెట్టిన ఫొటోలను నమ్మక, అతిథులు తీసిన ఫొటోలు వెతికి చూడు. మద్యం ఆ దీవుల్లో దొరకదు, వెంట తీసుకెళ్దామన్నా దేశంలోకే రానివ్వరు. ఇది నీకు ఇబ్బంది కాదని నాకు తెలుసు. చెల్లెమ్మకు సంతోషమని కూడా తెలుసు.

భోజనం విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. అక్కడి వారి ఉదయపు పలహారం మషుని, అంటే కొబ్బరితో కలిపిన ట్యూనా చేప, దానికి తోడు రోషి అనే రొట్టె. చెల్లెమ్మ శాకాహారి కాబట్టి ముందే చెప్పి పెడితే పండ్లు, పప్పు లాంటివి ఏర్పాటు చేసేవారు చాలామందే ఉన్నారు. చిన్న దీవుల్లో తినే చోట్లు నాలుగైదుకు మించవు గనుక, ఉదయం పలహారం, రాత్రి భోజనం కలిసి వచ్చే పద్ధతి తీసుకోవడం మేలు. రంజాన్ నెలలో పగలు భోజన హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, నీ ప్రయాణం ఆ నెలలో పడితే మధ్యాహ్న భోజనం కూడా గెస్ట్‌హౌస్‌లోనే మాట్లాడుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలన్నావు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం నిర్మలంగా, సముద్రం నిలకడగా ఉంటుంది. ధరలు కూడా అప్పుడే నెత్తికెక్కి కూర్చుంటాయి, ముఖ్యంగా క్రిస్మస్ రోజుల్లో. మే నుంచి అక్టోబర్ వరకు నైరుతి రుతుపవనాల కాలం, గదుల ధరలు గణనీయంగా తగ్గుతాయి. రోజంతా వాన కురుస్తుందని భయపడనక్కరలేదు, తరచు జల్లుగా వచ్చి వెళ్లిపోతుంది. కానీ గాలి లేచిన రోజున స్పీడ్‌బోటు ఎగిరెగిరి పడుతుంది, బాబుకు వాంతులయ్యే ప్రమాదముంది. ఆ కాలంలోనే ఒక లాభం కూడా ఉంది. బా అటోల్‌లోని హనిఫారు అనే చోట ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, పోగుపడి వాటిని తినడానికి మాంటా రే చేపలు గుంపులుగా చేరేది ఈ నెలల్లోనే. దాని పక్కన ఉన్న ధరవంధూలో గెస్ట్‌హౌస్‌లున్నాయి. యునెస్కో 2011లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన ఆ అటోల్‌కు ఖరీదైన రిసార్టుల అతిథులూ పడవల్లో అదే దృశ్యం కోసం వస్తారు, మీరు పది నిమిషాల దూరం నుంచి వెళతారు. అయితే ఇది వారం పైన సెలవున్నప్పుడు చేయవలసిన ప్రయాణం.

మనకు వీసా ముందుగా అక్కరలేదు. దిగిన తర్వాత ఉచితంగానే ఇస్తారు. బస ఖరారైనట్లు కాగితం, తిరుగు టికెట్టు చూపించాలి. బయలుదేరే ముందు 96 గంటల లోపు ఇముగా అనే ప్రభుత్వ సైట్‌లో వివరాలు నింపాలి, దానికి రుసుము లేదు, డబ్బు అడిగే సైట్‌లు నకిలీవి. అందువల్ల దిగిన తర్వాత చూసుకుందాం అనే మన పాత అలవాటు అక్కడ చెల్లదు. నా సలహా, మొదటి రెండు రాత్రులకు ఒక దీవి, మిగతా వాటికి పక్క దీవి ఖరారు చేసుకో. గుల్హి, మాఫుషి జంట దానికి సరిపోతుంది.

విమానం టికెట్టు కొనే ముందు దిగే వారం, వేళ రాసి పంపు. ఆ వేళకు గుల్హి పడవ అందుతుందో లేదో నేను అక్కడి గెస్ట్‌హౌస్‌లను విచారించి చెబుతాను, వారి మొత్తం ధరలు కూడా తెప్పిస్తాను. బాబు కొలతకు సరిపడే లైఫ్ జాకెట్టు పడవలో ఉంటుందా అని కూడా అడుగుతాను, అది లేకపోతే మీరే ఒకటి కొని తీసుకెళ్లవలసి ఉంటుంది.

ఇట్లు,
నీ మిత్రుడు