పెళ్లి పూలు: నెలను బట్టి ఎంపిక, కాడలను బట్టి లెక్క

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల మీద పత్రికల్లో ప్రత్యేక పేజీలు వస్తుంటాయి. వాటిలో అలంకరణ ఫోటోలు చూస్తే చూపు తిప్పుకోలేం. అయితే ఆ అలంకరణ ఏ నెలలో చేశారో, ఎన్ని పూలు పట్టాయో, ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో మాత్రం ఎక్కడా ఉండదు. చదివినవాళ్లు ఆ ఫోటో పట్టుకుని డెకరేటర్ దగ్గరికి వెళ్లి "ఇలాగే కావాలి, ఇంతలోనే కావాలి" అంటారు. పూల ఖర్చు అదుపు తప్పేది అక్కడే. ఇకమీదట అలంకరణ ఫోటో వేసినప్పుడు ఈ మూడు వివరాలూ కింద ఒక్క లైనులో ఇవ్వమని మా మనవి. పెళ్లి పనులు మొదలుపెట్టినవాళ్లకు పనికొస్తాయని, ఈ పనిలో ఉన్నవాళ్లం వేసుకునే లెక్కలు కొన్ని రాస్తున్నాం.

ఎంపికను పువ్వు పేరుతో మొదలుపెడితే చిక్కే. పియోనీలే కావాలనుకున్నారనుకోండి. ఉత్తరార్ధగోళంలో అవి విరివిగా పూసేది మే, జూన్ నెలల్లో. నవంబరు, డిసెంబరుల్లో కావాలంటే న్యూజిలాండ్ నుంచో చిలీ నుంచో విమానంలో రావాలి. విమాన ఛార్జీ, చల్లని పెట్టెలు, దారిలో పాడైనవాటి నష్టం అన్నీ కలిపి ధర కడతారు. అంత పోసి కొన్నా, ప్రయాణంలో గడిచిన రోజులన్నీ ఆ పువ్వు ఆయుష్షులోంచి పోయినవే. అలా కాకుండా "గుండ్రంగా, రేకల మీద రేకలతో, లేత గులాబీ రంగులో, పిడికిలంత పువ్వు" అని చెప్పి చూడండి. వసంతంలో రనంక్యులస్, ఎండాకాలంలో ముద్ద లిసియాంథస్, ఎండలు తగ్గే వేళ నుంచి మంచు పడేదాకా డాలియా, ఆ తర్వాత ముద్ద చామంతి దాదాపు ఆ వర్ణనకు దగ్గరగా వస్తాయి. ముద్ద గులాబీ ఎప్పుడైనా ఉండనే ఉంది. కార్నేషన్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. అది న్యాయం కాదు. ఒకే రంగువి నాలుగైదు తలలు ఆనించి బిగించి కడితే దూరానికి ఒకే పెద్ద పువ్వులా కనిపిస్తుంది. శుభ్రమైన నీళ్లలో పది రోజులు దాటి నిలుస్తుంది. డబ్బు తక్కువున్నప్పుడు ఇంత నమ్మకమైన పువ్వు మరొకటి లేదని మా అభిప్రాయం.

ఏడాది పొడవునా దొరికే పూలకు సీజన్ లేదనుకోవడం పొరపాటు. చామంతి సహజంగా పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే మొగ్గ తొడుగుతుంది. రైతులు రాత్రిళ్లు దీపాలు పెట్టి పూతను ఆపుతారు, నల్ల గుడ్డ కప్పి ముందుకు తెస్తారు. అందుకే అన్ని నెలల్లో దొరుకుతోంది. కెన్యా, ఈక్వెడార్, కొలంబియా లాంటి భూమధ్యరేఖ దగ్గరి దేశాల నుంచి గులాబీలూ ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. దొరకడం ఒకటి, ధర ఇంకొకటి. ఫిబ్రవరి 14కు ముందు రెండు వారాలు ఎర్ర గులాబీ ధర ప్రపంచమంతా ఎగబాకుతుంది. మే నెలలో మాతృదినోత్సవానికి ముందు కార్నేషన్లకూ అదే పరిస్థితి. పెళ్లి ఆ రోజుల్లో పడితే తేదీ మార్చక్కర్లేదు, రంగు మార్చుకుంటే చాలు.

రంగు అన్నాం కాబట్టి ఒక మాట. సాయంత్రం పెళ్లికి నీలం, ఊదా పూలు ఎక్కువ పెట్టించుకోకండి. పసుపు ఛాయ దీపాల కింద అవి నల్లటి మరకల్లా కలిసిపోతాయి. తెలుపు, లేత గులాబీ, లేత పసుపు ఆ వెలుతురులోనే బాగా తేలతాయి. పగటి పెళ్లికి ఈ బాధ లేదు.

ఇక లెక్క. వేదిక వెనక 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు పూల గోడ కావాలన్నారనుకుందాం. అంటే 7.5 చదరపు మీటర్లు. విచ్చిన గులాబీ అడ్డంగా 6 సెంటీమీటర్లుంటే ఒక చదరపు మీటరు నిండడానికి దాదాపు 280 పూలు పట్టాలి. గోడ మొత్తానికి 2,100. విరిగినవి, మచ్చ పడ్డవి, సరిగా విచ్చనివి తీసేయాలి కాబట్టి 15 శాతం అదనంగా తెప్పించాలి. అంటే 2,400కు పైనే. ఒక్కో పువ్వు గుచ్చడానికి నిమిషం వేసుకున్నా 2,100 పూలకు 35 గంటల పని. హాలు చేతికొచ్చేది 4 గంటల ముందే అయితే ఆ ఒక్క గోడకే తొమ్మిదిమంది కావాలి. అదే గోడలో అరవై శాతం ఆకులతో నింపి నలభై శాతమే పూలు పెడితే 840 పూలు సరిపోతాయి. గుచ్చేపని 14 గంటలకు తగ్గుతుంది, ఆకులు కట్టేందుకు ఇంకొన్ని గంటలు కలుపుకోండి. పూలను సమానంగా చల్లినట్టు కాకుండా ఒక మూల నుంచి ఏటవాలుగా గుంపులు గుంపులుగా పెడితే ఫోటోలో గోడంతా పూలే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకే గోడ, రెండు బిల్లులు. తేడా ఎందుకొచ్చిందో ఇప్పుడు డెకరేటర్ చెప్పకముందే మీకు తెలుసు.

టేబుళ్ల దగ్గర చాలామంది గమనించనిది ఇంకొకటుంది. 200 మంది అతిథులను టేబులుకు పదిమంది చొప్పున కూర్చోబెడితే 20 టేబుళ్లు. ఒక్కోదానికి 15 కాడలైతే 300 కాడలు. హాలువాళ్లు టేబులుకు ఎనిమిదిమందే పడతారన్నారంటే టేబుళ్లు 25, కాడలు 375. అతిథుల సంఖ్య ఒక్కటీ పెరగకుండానే ఖర్చు పాతిక శాతం పెరిగింది. అందుకని హాలు, టేబుళ్ల కొలత ఖాయమయ్యాకే పూల బడ్జెట్ రాయండి.

మొత్తం బడ్జెట్‌ను 100 భాగాలు అనుకుంటే, మొదటి లెక్కకు పూలకూ ఆకులకూ 40, పనివాళ్లకు 25, ఫ్రేములకూ పాత్రలకూ వాటి అద్దెలకూ 15, రవాణాకూ విప్పి తీసుకెళ్లడానికీ 10, చేతిలో 10 వేసుకోండి. అలంకరణ తీరును బట్టి ఇవి అటూఇటూ జరుగుతాయి. కానీ చేతిలో ఉంచుకున్న ఆ పదిని ముందే దేనికీ రాసేయకండి. ముందురోజు వానొచ్చి పొలంలో పూలు తడిస్తే రేకల మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. బూజు తెగులు అది. పెట్టెలో పక్క పూలకూ అంటుకుంటుంది. అప్పుడు పనికొచ్చేది ఆ పదే. ఇంకో విషయం, "పూలు ఇంతే కదా, బిల్లు ఇంతెందుకు" అని మార్కెట్ ధరతో పోల్చేవాళ్లు మిగతా అరవై భాగాలను మరిచిపోతారు. ముళ్లు తీయడం, ఆకులు దూయడం, రాత్రి రెండింటికి వచ్చి విప్పుకెళ్లడం అందులోనివే.

డబ్బు సరిపోకపోతే అన్నిచోట్లా కొంచెం కొంచెం తగ్గించకండి. అన్నీ పలచగా, వెలితిగా కనిపిస్తాయి. జనం నిలబడి చూసే చోటు, ఎక్కువ ఫోటోలు తీసే చోటు రెండూ నిండుగా ఉంచి, నడుస్తూ దాటిపోయే చోట ఆకులతోనో దీపాలతోనో సరిపెట్టండి. అవకాశముంటే వేడుక అలంకరణను విందుకు తరలించవచ్చు, కానీ తరలించే మనుషుల కూలీ, ఆ మధ్యలో దొరికే సమయం ముందే మాట్లాడుకోవాలి. 40 నిమిషాల ఖాళీలో పెద్ద తోరణం కదలదు. చిన్న పాత్రలు కదులుతాయి.

సొంతంగా పూలు తెప్పించి అలంకరించుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రాక రోజుల దగ్గర. అన్నీ ఒకే రోజు రావడమే తప్పు. లిల్లీ మొగ్గలు విచ్చుకోవడానికి నాలుగైదు రోజులు కావాలి, కాబట్టి ముందు అవి. గులాబీ, లిసియాంథస్ రెండు మూడు రోజుల ముందు. హైడ్రేంజియా ముందురోజు. డాలియా కోశాక పెద్దగా విచ్చుకోదు, నిలిచేదీ తక్కువే, కాబట్టి దాదాపు పూర్తిగా విచ్చినవి ముందురోజు కోయించాలి. మల్లె మొగ్గగా కోసిన రోజు సాయంత్రానికే విచ్చుకుంటుంది గనక అది పెళ్లిరోజు రావాలి. పూలు రాగానే నీళ్లకు తగిలే ఆకులన్నీ దూసేయండి, కాడ చివర 2 నుంచి 3 సెంటీమీటర్లు పదునైన కత్తితో ఏటవాలుగా కోసి వెంటనే శుభ్రమైన బకెట్‌లో నిలబెట్టండి. కనీసం నాలుగు గంటలు, వీలైతే ఒక రాత్రంతా చల్లని నీడలో తాగనివ్వాలి. గులాబీ తల వంచేసిందంటే వయసైపోయిందని కాదు, కాడలో గాలి బుడగో బాక్టీరియానో అడ్డుపడి నీరు పైకెక్కడం లేదని. మళ్లీ కోసి, తల నిటారుగా ఉండేలా కాగితంలో చుట్టి, గోరువెచ్చని నీళ్లలో గంటా రెండు గంటలు ఉంచితే చాలావరకు లేస్తుంది. హైడ్రేంజియా వాలిపోతే పూల తలను చల్లని నీళ్లలో అరగంట నుంచి గంట ముంచండి. అది రేకల గుండానూ నీరు తీసుకుంటుంది. మిగతావాటికి ఈ చిట్కా వాడొద్దు.

ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టడం మరో పెద్ద నష్టం. పండిన అరటి, ఆపిల్ వదిలే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్ రేకలు లోపలికి ముడుచుకుపోతాయి, జిప్సోఫిలా వడలిపోతుంది, డెల్ఫీనియం రేకలు రాలతాయి. ఆర్కిడ్, ఆంథూరియం వేడి ప్రదేశాలవి, 10 డిగ్రీల కంటే చల్లగా పెడితే మచ్చలు పడి నల్లబడతాయి. గులాబీకి మంచిదైన 2 నుంచి 4 డిగ్రీల చలి వాటికి హాని. డాఫోడిల్ కాడ నుంచి కారే జిగురు మిగతా పూలను దెబ్బతీస్తుంది, ఒక రాత్రి వేరే బకెట్‌లో ఉంచాకే కలపాలి. తులిప్ కోశాక కూడా పెరుగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. ముందురోజు సమంగా పెట్టిన పాత్ర తెల్లారేసరికి వంకర తిరుగుతుంది. గ్లాడియోలస్‌ను పడుకోబెట్టి తెస్తే కొనలు పైకి వంగి అలాగే గట్టిపడతాయి, నిలబెట్టే తేవాలి. లిల్లీ విచ్చుకోగానే లోపలి పుప్పొడి సంచులను చేత్తో తీసేయాలి. బట్టల మీద పడితే తడి గుడ్డతో రుద్దొద్దు, టేపుతో అద్ది ఎత్తాలి.

కాడలు గుచ్చి నిలబెట్టడానికి వాడే, నీళ్లు పీల్చుకునే పచ్చ ఫోమ్ ఇటుకను నీళ్లలోకి చేత్తో అదిమేవాళ్లు ఎక్కువ. పైన తడిసి లోపల పొడి గాలి మిగులుతుంది. ఆ గాలిలోకి దిగిన కాడ త్వరగా ఎండిపోతుంది. నీళ్ల మీద వదిలేసి దానంతటది మునిగేదాకా ఆగాలి. ఒకసారి తడిసి ఆరినది మళ్లీ సరిగా పీల్చదు. అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు, నలిగితే సూక్ష్మ తునకలవుతుంది. కోళ్ల జాలీని ఉండలా చుట్టి పాత్రలో దూర్చి నీళ్లు పోస్తే అదే పని అవుతుంది, పెళ్లి పెళ్లికీ మళ్లీ వాడుకోవచ్చు.

కొటేషన్‌లో "వేదిక అలంకరణ" అని ఒక్క మొత్తం రాసి ఇస్తే సంతకం పెట్టకండి. ఏ భాగానికి ఏ పువ్వు, ఎన్ని కాడలు, ఎంత ఆకు, ఎంతమంది మనుషులు, ఏ సమయానికి మొదలు, ఎవరు విప్పాలి అన్నది విడివిడిగా రాయించుకోండి. అనుకున్న పువ్వు దొరక్కపోతే బదులు ఏది అన్నది పేరుతో కాక రంగు, పరిమాణంతో రాయించండి, దాని ధర తక్కువైతే తేడా ఎవరికో కూడా. బొకేలో ముప్ఫై కాడలన్నారంటే ఆకులతో కలిపా, పూలే ముప్ఫయ్యా అని అడగండి. కోటుకు పెట్టే పూలు నీళ్లు లేకుండా కొన్ని గంటలే తాజాగా ఉంటాయి. కౌగిలింతల్లో నలుగుతాయి కాబట్టి రెండు మూడు అదనంగా చేయించండి. అతిథుల సంఖ్య, టేబుళ్ల సంఖ్య పెళ్లికి మూడు వారాల ముందు ఖాయం చేసి చెప్పండి. పూల ఆర్డర్లు తోటలకూ హోల్‌సేల్‌వాళ్లకూ వెళ్లేది దాదాపు అప్పుడే. ఆ తర్వాత తగ్గించినా వాళ్లు ఒప్పుకోరు, పెంచితే మిగిలిన రంగుల్లోంచే ఏరుకోవాలి.

ఇట్లు,
పెళ్లి పూల అలంకరణ పనిలో ఉన్న కొందరం